తిరుపతి ప్రాంతపు తెప్పోత్సవాలు

తెప్పోత్సవం అనగా దేవాలయ పుష్కరిణిలో ఉత్సవమూర్తులను అలంకరించిన తెప్పపై ఉంచి, నీటిమీద ప్రదక్షిణంగా ఊరేగించే వార్షిక ఉత్సవం. దీనినే తెప్ప తిరునాళ్ళు అని కూడా అంటారు. దక్షిణ భారతదేశంలో కోనేరు ఉన్న పెద్ద ఆలయాలలో చాలావాటిలో ఈ ఉత్సవం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, చిత్తూరు జిల్లాలలో ఇది ఎక్కువ ఆలయాలలో, ఎక్కువ రోజులపాటు జరుగుతుంది. తిరుమలలోని స్వామి పుష్కరిణి, తిరుచానూరులోని పద్మసరోవరం, తిరుపతి పట్టణంలోని గోవిందరాజస్వామి, కోదండరామస్వామి ఆలయాల పుష్కరిణులు, కపిలతీర్థం, శ్రీకాళహస్తిలోని నారద పుష్కరిణి, కాణిపాకం కోనేరు వీటిలో ముఖ్యమైనవి. (2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇవన్నీ చిత్తూరు జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు కాణిపాకం తప్ప మిగిలినవి తిరుపతి జిల్లాలో ఉన్నాయి.)

సముద్రతీరానికి, పెద్ద నదులకు దూరంగా ఉన్న మెట్ట ప్రాంతంలో ఏటా పడవ పండుగ జరగడం ఒక విశేషం. ఇక్కడి తెప్పోత్సవాల చరిత్ర చాలావరకు కోనేళ్ళ చరిత్రే. కోనేటిని తవ్వించినవారు, మెట్లు కట్టించినవారు, అందులో నీరు నిలిచేలా చూసినవారు లేకపోతే ఈ ఉత్సవం లేదు.

పేరు

దుంగలను గాని, వెదుళ్ళను గాని పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టిన తేలికపాటి నావను తెలుగులో తెప్ప అంటారు. తమిళంలో తెప్పం, కన్నడంలో తెప్ప అనే మాటలు కూడా ఇదే అర్థంలో ఉన్నాయి. కోస్తాలోని మత్స్యకారులు దుంగలను కట్టి చేసుకొనే చేపల నావకు కూడా తెప్ప అనే పేరు. ఇటువంటి నావనే తమిళులు కట్టుమరం అంటారు. అనగా కట్టిన మాను. ఐరోపావారు ఈ తీరానికి వచ్చినపుడు ఆ మాటను తమ భాషలలోకి తీసుకొన్నారు. నేడు ప్రపంచమంతటా పందెపు పడవలలో రెండు పొట్టులు గల రకాన్ని కాటమరాన్ అని పిలవడం ఆ విధంగా వచ్చినదే. "ఏరు దాటి తెప్ప తగలేసినట్లు" అనే తెలుగు సామెతను బట్టి తెప్ప అవసరానికి అప్పటికప్పుడు కట్టుకొనే సాధనమని తెలుస్తుంది. ఆలయంలో కూడా పూర్వం ఇదే పద్ధతి ఉండేది. ఉత్సవానికి ముందు తెప్పను కట్టి, ఉత్సవం ముగిశాక విప్పేవారు.

తిరునాళ్ అనేది పవిత్రదినం అనే అర్థం గల తమిళ పదం. తెలుగులో తిరునాళ్ళు, తిరణాల అనే రూపాలలో స్థిరపడింది.

ఉత్సవం జరిగే విధానం

గర్భాలయంలోని మూలవిరాట్టు కదలని మూర్తి. అందువలన ఊరేగింపులన్నీ పంచలోహ ఉత్సవమూర్తులకే జరుగుతాయి. తిరుమలలో ఈ మూర్తికి మలయప్పస్వామి అని పేరు. తెప్పోత్సవం నాటి సాయంత్రం మూర్తులను ఆలయం నుండి మాడవీధులలో ఊరేగిస్తూ కోనేటి గట్టుకు తీసుకొని వచ్చి తెప్పపైకి చేరుస్తారు. అర్చకులు, వేదపండితులు, మంగళవాద్యాలవారు కూడా తెప్పపైన ఉంటారు. అక్కడనుండి తెప్ప కోనేటి మధ్యలోని మండపాన్ని కుడివైపుగా చుట్టి వస్తుంది.

ఈ మధ్య మండపాన్ని నీరాళి మండపం అంటారు. కోనేరు చతురస్రంగా ఉండడం, చుట్టూ రాతిమెట్లు ఉండడం, నడుమ మండపం ఉండడం - ఈ మూడూ కలిసి ఉత్సవానికి కావలసిన ఏర్పాటును సమకూరుస్తాయి. మండపం లేకపోతే ప్రదక్షిణకు కేంద్రం ఉండదు. మెట్లు లేకపోతే చూసేవారికి చోటు ఉండదు. మెట్ల మరో ఉపయోగం నీటిమట్టాన్ని తెలపడం. ఎన్ని మెట్లు మునిగి ఉన్నాయో చూస్తే ఆ సంవత్సరం కోనేరు ఎలా ఉన్నదో గట్టుమీద నిలబడినవారికి తెలిసిపోతుంది.

సాధారణంగా తెప్పకు అడుగున ఖాళీ పీపాలు గాని, గాలి చొరబడని డ్రమ్ములు గాని అమర్చి, వాటిపై చెక్కబల్లలు పరిచి, నాలుగు స్తంభాలతో మండపంవలె కట్టి, పూలతోను, విద్యుద్దీపాలతోను అలంకరిస్తారు. దీనికి తెరచాప ఉండదు. గట్టుమీద ఉన్నవారు తాళ్ళతో లాగడం, తెప్పమీద ఉన్నవారు గడకర్రలతో సరిచేయడం వాడుకలో ఉన్న పద్ధతులు. మూలమలుపుల వద్ద రెండు గట్ల మీద ఉన్న తాళ్ళవారూ ఒకరికొకరు అనుగుణంగా లాగవలసి ఉంటుంది. ఒకవైపు తాడు బిగిసి మరొకవైపు వదులైతే తెప్ప పక్కకు తిరిగి మెట్లను గాని, మండపాన్ని గాని తగిలే ప్రమాదం ఉన్నది. అందుకని తెప్ప చాలా నెమ్మదిగా సాగుతుంది. ప్రమాదాల నివారణకు గజ ఈతగాళ్ళను సిద్ధంగా ఉంచుతారు.

ప్రదక్షిణల సంఖ్య ఎప్పుడూ బేసిగానే ఉంటుంది. మొదటి రోజులలో తక్కువగా ఉండి, చివరి రోజుకు పెరుగుతుంది.

చరిత్ర

తిరుమలలో తెప్పోత్సవం ప్రాచీనకాలం నుండి జరుగుతున్నదని ఆలయ సంప్రదాయం. కాలనిర్ణయానికి దొరికే గట్టి ఆధారం ఉత్సవానికి సంబంధించినది కాదు, కట్టడానికి సంబంధించినది. సాళువ నరసింహరాయలు 1468లో స్వామి పుష్కరిణి మధ్యలో నీరాళి మండపాన్ని నిర్మింపజేశాడు. కొన్ని రచనలలో తెప్పోత్సవమే 1468లో మొదలైనదని వ్రాయడం కనబడుతుంది. అది సరికాదు. ఆ సంవత్సరం మండపానిది మాత్రమే. అయితే నీటి నడుమ రాతి మండపం కట్టించడం చిన్న పని కాదు. కోనేటిని ఎండగట్టి, పునాది వేసి, రాతిని కొండపైకి చేర్చవలసి ఉంటుంది. అంతటి శ్రమకు పూనుకొన్నారంటే అప్పటికే ఈ ఉత్సవానికి ప్రాముఖ్యం ఉండి ఉండవచ్చు.

సాళువ నరసింహరాయలు అప్పటికి చక్రవర్తి కాడు. తిరుపతికి దగ్గరలోని చంద్రగిరి కేంద్రంగా ఈ ప్రాంతాన్ని పాలిస్తున్న విజయనగర సామంతుడు. సంగమ వంశపు చివరి రాజుల కాలంలో రాజ్యం బలహీనపడగా 1485లో విజయనగర సింహాసనాన్ని తీసుకొని సాళువ వంశాన్ని స్థాపించాడు. పిల్లలమర్రి పినవీరభద్రుడు తన జైమిని భారతాన్ని ఇతనికే అంకితమిచ్చాడు. తిరుమల ఆలయ ఉత్సవాలు, నైవేద్యాలు విస్తరించడంలో ఇతని పాత్ర పెద్దది. తిరుపతిలోను, తిరుమలలోను యాత్రికుల భోజనానికి రామానుజకూటాలను ఏర్పాటు చేయించినది కూడా ఇతడే.

తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408 - 1503) ఇతని సమకాలికుడు. నీరాళి మండపం కట్టేనాటికి అన్నమయ్యకు అరవై ఏళ్ళు. తిరుమలలో ఆ కాలంలో జరిగిన తెప్ప తిరునాళ్ళ వైభవాన్ని ఆయన తన సంకీర్తనలలో వర్ణించాడు. ఆయన సంకీర్తనలను తరువాత రాగిరేకులపై చెక్కించి ఆలయంలోని సంకీర్తనా భాండాగారంలో భద్రపరిచారు. అందువలన ఈ ఉత్సవం గురించి శాసనాలకు తోడు సాహిత్య ఆధారం కూడా మిగిలింది. నేటికీ ఉత్సవం సాగుతున్నంతసేపు అన్నమాచార్య సంకీర్తనలను ఆలపించడం ఆచారంగా ఉన్నది.

తిరుపతి, తిరుమల, తిరుచానూరు ఆలయాలలో దొరికిన శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం తమిళంలోనివి. తెలుగు, కన్నడ, సంస్కృత శాసనాలు కూడా ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం శాసన విభాగంలో పనిచేసిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషితో 1930లలో ఇవి సంపుటాలుగా వెలువడ్డాయి. వీటిని పరిశీలిస్తే ఒక ఆసక్తికరమైన సంగతి తెలుస్తుంది. 15, 16 శతాబ్దాలలో భక్తులు ఉత్సవాల కోసం, నైవేద్యాల కోసం ఇచ్చిన ధనాన్ని ఆలయం ఊరకే దాచిపెట్టలేదు. దేవుని మాన్యపు గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించడానికి, పాతవాటిని బాగుచేయడానికి ఆ ధనాన్ని వినియోగించారు. నీరు పారి అధికంగా పండిన పంటతో, దాత కోరిన రోజున నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. అమెరికా చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960, 1961 సంవత్సరాలలో ప్రచురించిన వ్యాసాలలో ఈ ఏర్పాటును వివరించి, మధ్యయుగంలో తిరుపతి ఆలయం ఈ ప్రాంతపు వ్యవసాయాభివృద్ధికి పెట్టుబడి పెట్టిన సంస్థగా కూడా పనిచేసిందని చూపాడు. అంటే కోనేటిలో ఒక రాత్రి తెప్ప తిరగడానికి వెనుక ఎక్కడో మైళ్ళ దూరంలోని పల్లెలో ఒక చెరువుకట్ట ఉండేది. ఉత్సవాన్ని చూసి వెళ్ళే యాత్రికునికి ఈ సంబంధం కనబడదు.

16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయలు (పాలన 1529 - 1542) కొండ దిగువన కపిలతీర్థం చుట్టూ రాతిమెట్లను, సంధ్యావందన మండపాలను కట్టించాడు. విజయనగరం పతనమైన తరువాత ఆలయం పలువురి చేతులు మారింది. 1843 నుండి 1933 వరకు హాథీరాంజీ మఠం మహంతుల నిర్వహణలోను, ఆ తరువాత తిరుమల తిరుపతి దేవస్థానం (తి.తి.దే.) పాలనలోను ఉత్సవాలు సాగాయి.

తిరుమల

స్వామి పుష్కరిణి శ్రీవారి ఆలయానికి ఉత్తరంగా, సుమారు ఒకటిన్నర ఎకరాల విస్తీర్ణంలో ఉన్నది. గట్టున వరాహస్వామి ఆలయం ఉన్నది. శ్రీమహావిష్ణువు ఆజ్ఞతో గరుత్మంతుడు ఈ పుష్కరిణిని వైకుంఠం నుండి తెచ్చాడని పురాణ కథ.

తెప్పోత్సవాలు ప్రతి సంవత్సరం ఫాల్గుణ శుద్ధ ఏకాదశి నుండి పౌర్ణమి వరకు ఐదు రోజులు జరుగుతాయి. ఆంగ్ల సంవత్సరంలో ఇవి ఫిబ్రవరి నెలాఖరున గాని, మార్చిలో గాని వస్తాయి. మొదటి రోజు సీతాలక్ష్మణ సమేతుడైన శ్రీరామచంద్రుడు, రెండవ రోజు రుక్మిణీ సమేతుడైన శ్రీకృష్ణుడు తెప్పపై విహరిస్తారు. ఈ రెండు రోజులు, మూడవ రోజు కూడా ప్రదక్షిణలు మూడేసి. మూడవ రోజు నుండి శ్రీదేవి, భూదేవి సమేతుడై మలయప్పస్వామి వేంచేస్తారు. నాలుగవ రోజున ఐదు, చివరి రోజైన పౌర్ణమినాడు ఏడు ప్రదక్షిణలు జరుగుతాయి. ఉత్సవం సాధారణంగా రాత్రి ఏడు గంటల ప్రాంతంలో మొదలై ఒక గంటసేపు సాగుతుంది. ఈ రోజులలో సాయంత్రం జరిగే సహస్రదీపాలంకరణ వంటి కొన్ని ఆర్జిత సేవలను రద్దు చేస్తారు.

తెప్పోత్సవాన్ని బ్రహ్మోత్సవాలలో ఒక భాగంగా పొరబడేవారు ఉన్నారు. తిరుమలలో ఈ రెండూ వేరువేరు. బ్రహ్మోత్సవాల చివరి రోజున పుష్కరిణిలో జరిగేది చక్రస్నానం. ఆనాడు సుదర్శన చక్రత్తాళ్వారుకు నీటిలో స్నానం చేయిస్తారు, తెప్ప ఉండదు.

చూసేవారి దృష్టితో ఈ ఉత్సవానికి ఒక ప్రత్యేకత ఉన్నది. తిరుమలలో మూలవిరాట్టు దర్శనానికి గంటల తరబడి వరుసలో నిలబడినా సన్నిధిలో దొరికేది కొన్ని క్షణాలు మాత్రమే. తెప్పోత్సవంలో యాత్రికుడు మెట్లపై ఒకచోట కూర్చుంటే చాలు. స్వామియే అతని ముందుకు మూడుసార్లో, ఐదుసార్లో, ఏడుసార్లో వస్తారు. నాలుగు గట్లలో ఏ గట్టున కూర్చున్నా ఇది సమానమే. అందుచేత మెట్ల మీద ముందువరుస కోసం తోపులాట ఉన్నా, చోటు దొరకని వారికి కూడా దర్శనం పూర్తిగా తప్పిపోదు. గట్టుమీదనుండి చూడడానికి టికెట్టు అవసరం లేదు. పౌర్ణమినాటి రాత్రి రద్దీ అన్నిటికన్నా ఎక్కువ. తెప్ప తమ వైపు తిరిగినపుడు ఆ గట్టున గోవిందనామం మొదలై, తెప్పతోపాటే పక్క గట్టుకు సాగిపోతుంది. మొదటి రోజు చూసినవారికి, చివరి రోజు చూసినవారికి ఉత్సవం ఒకేలా ఉండదు. రద్దీ లేకుండా చూడదలచినవారికి మొదటి రెండు రోజులే అనుకూలమైనవి.

విద్యుద్దీపాలు లేని కాలంలో వెలుగుకు దివిటీలు, నూనె దీపాలు ఆధారం. ఏకాదశి నుండి పౌర్ణమి వరకు వెన్నెల రోజురోజుకు పెరుగుతుంది. ప్రదక్షిణల సంఖ్య కూడా అదే క్రమంలో పెరగడం గమనించదగినది.

తిరుచానూరు

తిరుపతికి ఐదు కిలోమీటర్ల దూరంలోని తిరుచానూరులో పద్మావతి అమ్మవారి ఆలయానికి చెందిన పద్మసరోవరంలో జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి నుండి పౌర్ణమి వరకు తెప్పోత్సవాలు జరుగుతాయి. కార్తీక శుద్ధ పంచమినాడు అమ్మవారు ఈ సరోవరంలోనే బంగారు పద్మంలో అవతరించిందని స్థలపురాణం. ఆ పంచమినాడు ఇక్కడ జరిగే పంచమీతీర్థానికి లక్షలాది జనం వస్తారు. తెప్పోత్సవానికి వచ్చేది ప్రధానంగా తిరుపతి, పరిసర గ్రామాల ప్రజలు. వేసవి తాపం ఇంకా తగ్గని రోజులు కావడం వలన సాయంత్రం కోనేటి గట్టున కూర్చోవడానికే కుటుంబాలతో వచ్చేవారు ఎక్కువ.

ఇక్కడ మొదటి రోజు శ్రీకృష్ణస్వామి, రెండవ రోజు సుందరరాజస్వామి, చివరి మూడు రోజులు పద్మావతి అమ్మవారు తెప్పపై విహరిస్తారు. కృష్ణస్వామి, సుందరరాజస్వామి ఈ ఆలయ ప్రాంగణంలోని ఉపాలయాల దేవుళ్ళు. ప్రధాన దేవతకు ముందు వారికి అవకాశమివ్వడం తిరుమల క్రమాన్ని పోలి ఉన్నది. అమ్మవారికి మధ్యాహ్నం కోనేటి నడుమనున్న నీరాడ మండపంలో అభిషేకం జరుగుతుంది. తెప్ప విహారం తరువాత మాడవీధుల ఊరేగింపు ఉంటుంది. నాలుగవ రాత్రి గజవాహనం, ఐదవ రాత్రి గరుడవాహనం. తిరుమలలో వైఖానస ఆగమం అనుసరించగా, తిరుచానూరులో పాంచరాత్ర ఆగమం ప్రకారం పూజలు జరుగుతాయి. ఆగమాలు వేరైనా తెప్పోత్సవ క్రమం రెండుచోట్లా దాదాపు ఒక్కటే కావడం విశేషం.

తిరుపతి పట్టణం

గోవిందరాజస్వామి ఆలయ తెప్పోత్సవాలు మాఘమాసంలో ఏడు రోజులు జరిగి పౌర్ణమితో ముగుస్తాయి. తొలి నాలుగు రోజులు కోదండరాముడు మొదలైన ఇతర మూర్తులకు, చివరి మూడు రోజులు శ్రీదేవి, భూదేవి సమేత గోవిందరాజస్వామికి ఉత్సవం జరుపుతారు. పుష్కరిణి రైల్వేస్టేషనుకు దగ్గరలో ఉండడం వలన బండి కోసం వేచి ఉన్న ప్రయాణికులు కూడా ఈ ఉత్సవాన్ని చూసి వెళుతుంటారు. కోదండరామస్వామి ఆలయానికి చెందిన రామచంద్ర పుష్కరిణిలో శ్రీరామనవమి తరువాత చైత్ర పౌర్ణమి ప్రాంతంలో మూడు రోజుల ఉత్సవం ఉన్నది. అందులో ప్రదక్షిణలు వరుసగా ఐదు, ఏడు, తొమ్మిది.

కపిలతీర్థంలోని కపిలేశ్వరస్వామి ఆలయం శైవక్షేత్రం. ధనుర్మాసంలో ఆరుద్రా దర్శనానికి ముందు ఐదు రోజులు ఇక్కడ తెప్పోత్సవం జరుగుతుంది. వినాయకుడు, చంద్రశేఖరస్వామి, వల్లీ దేవసేనా సమేత సుబ్రహ్మణ్యస్వామి, సోమాస్కందమూర్తి, కామాక్షి అమ్మవారు మొదలైన మూర్తులను రోజుకొకరుగా ఊరేగిస్తారు. మిగిలిన కోనేళ్ళకు లేని ఆకర్షణ ఇక్కడ ఒకటి ఉన్నది. కొండ అంచునుండి నీటిధార నేరుగా పుష్కరిణిలోకి పడుతుంది. వానలు బాగా కురిసిన సంవత్సరాలలో ఉత్సవం నాటికి కూడా ధార సాగుతూనే ఉంటుంది.

ఇతర క్షేత్రాలు

శ్రీకాళహస్తిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలలో భాగంగా నారద పుష్కరిణిలో తెప్పోత్సవం జరుగుతుంది. కాణిపాకంలో వినాయక చవితి నుండి ఇరవై ఒక్క రోజులు జరిగే ఉత్సవాలు తెప్పోత్సవంతో ముగుస్తాయి. నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయంలో మార్చి నెలలో సూర్యకిరణాలు మూలమూర్తిని తాకే సూర్యపూజ సందర్భంగా తెప్పోత్సవం కూడా ఉంటుంది. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి ఆలయంలో ఆడికృత్తికకు శరవణ పుష్కరిణిలో జరిగే మూడు రోజుల తెప్పోత్సవాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. పటాస్కర్ నిర్ణయం ప్రకారం ఆ సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఉత్సవానికి చిత్తూరు, పుత్తూరు, నగరి ప్రాంతాల భక్తులు ఇప్పటికీ పెద్దసంఖ్యలో వెళతారు.

నదీతీర క్షేత్రాలైన విజయవాడలో విజయదశమినాడు కృష్ణానదిపైన, భద్రాచలంలో ముక్కోటి ఏకాదశికి ముందురోజు గోదావరిపైన హంసవాహనంపై తెప్పోత్సవం జరుగుతుంది. నదిలో వరద ఉధృతంగా ఉన్న సంవత్సరాలలో విజయవాడలో హంసవాహనాన్ని ఒడ్డుననే ఉంచి పూజలు జరిపిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ నీరు ఎక్కువై విహారం ఆగుతుంది. రాయలసీమలో ఇందుకు విరుద్ధంగా నీరు చాలకపోవడం గురించే చింత.

కేరళలోని ఆలప్పుళలో 1952 నుండి జరుగుతున్న నెహ్రూ ట్రోఫీ పడవ పందేలలో గాని, హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో జరిగే తెరచాప పడవల పోటీలలో గాని వేగమే ప్రధానం. తెప్పోత్సవంలో పోటీ లేదు, గెలుపు లేదు. ఉన్నది ఒకే నావ. అది ఎంత నెమ్మదిగా వెళితే చూసేవారికి అంత తృప్తి.

నీరు

తిరుపతి ప్రాంతానికి నైరుతి ఋతుపవనాలతో పాటు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు కూడా వానలనిస్తాయి. ఈ రెండింటిలో ఈశాన్య ఋతుపవనాలే కోనేళ్ళకు, చెరువులకు ముఖ్యమైనవి. ఉత్సవాల తేదీలు పంచాంగాన్ని బట్టి నిర్ణయమైనవే అయినా, వాటి వరుస ఈ వానలతో పొసగి ఉన్నది. వానలు ముగుస్తుండగా ధనుర్మాసంలో కపిలతీర్థం, ఆ తరువాత మాఘంలో గోవిందరాజస్వామి పుష్కరిణి, ఫాల్గుణంలో తిరుమల వస్తాయి. అప్పటికి కోనేళ్ళలో నీరు నిలకడగా ఉంటుంది, ఎండలు ఇంకా ముదరవు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. జ్యేష్ఠంలో జరిగే తిరుచానూరు ఉత్సవం మాత్రం ఈ వరుసకు బయట ఉన్నది. అది భూగర్భజలాలు బాగా అడుగంటే కాలం.

వానమీదనే పూర్తిగా ఆధారపడిన కోనేటికి ఏమవుతుందో తెలుసుకోవడానికి మదురై మంచి ఉదాహరణ. తెలుగు మూలాలు గల మదురై నాయకరాజులలో ప్రసిద్ధుడైన తిరుమల నాయకుడు (పాలన 1623 - 1659) 1640లలో అక్కడ తవ్వించిన మారియమ్మన్ తెప్పకుళం దక్షిణదేశంలోని అతిపెద్ద కోనేళ్ళలో ఒకటి. వైగై నదినుండి నీటిని తెచ్చే కాలువలు పూడిపోయి కొలను ఎండిపోయిన సంవత్సరాలలో అక్కడ తెప్పను నేలమీదనే నిలిపి ఉత్సవం జరపవలసివచ్చింది. ఎండిన కొలనులో పిల్లలు క్రికెట్ ఆడుకొనేవారు. కాలువలను బాగుచేసి మళ్ళీ నీరు నింపిన తరువాత తెప్ప తిరిగి తేలింది.

తిరుమలలో ఈ స్థితి రాకుండా ఉండడానికి కారణం కొండపైన నీటిని నిలవచేసే ఏర్పాట్లు. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు కొండమీది అవసరాలను తీరుస్తాయి. చాలని కాలంలో దిగువనున్న కల్యాణి డ్యామ్ మొదలైన చోట్లనుండి నీటిని పైకి తోడుతారు. స్వామి పుష్కరిణిలో సుమారు కోటి లీటర్ల నీరు పడుతుంది. ఈ నీటిని నిలవ ఉండనీయక ఎప్పటికప్పుడు శుద్ధిచేసి తిరిగి వదిలే యంత్రాలున్నాయి. దీనికి అదనంగా సంవత్సరానికి ఒకసారి, బ్రహ్మోత్సవాలకు ముందు సాధారణంగా ఆగస్టులో, పుష్కరిణిని నెలరోజులపాటు మూసివేస్తారు. మొదటి పది రోజులలో నీటిని తోడివేసి, తరువాతి పది రోజులలో మరమ్మతులు చేసి, చివరి పది రోజులలో కొత్తనీరు నింపుతారు. ఆ నెలలో సాయంత్రపు పుష్కరిణి హారతి ఉండదు. నీరాళి మండపం అడుగుభాగం, కింది మెట్లు బయటపడి కనిపించేది కూడా అప్పుడే.

నీరు పుష్కలంగా ఉండి కూడా చూసేవారు లేక ఉత్సవం వెలితిపడిన సంవత్సరం 2020. ఆ ఏడాది తిరుమలలో తెప్పోత్సవాలు మార్చి 5 నుండి 9 వరకు యథావిధిగా జరిగాయి. ఆ తరువాత పదకొండు రోజులకు, మార్చి 20న, కరోనా కారణంగా తిరుమలలో భక్తుల దర్శనాన్ని నిలిపివేశారు. జూన్ 5న జ్యేష్ఠ పౌర్ణమి వచ్చేనాటికి ఆలయాలలోకి భక్తుల ప్రవేశం ఇంకా మొదలు కాలేదు. తిరుచానూరు కోనేటి మెట్లు ఆ రాత్రి ఖాళీగా ఉండిపోయాయి.